హుద్‌హుద్ దారిని ముందే చెప్పగలిగినవాళ్లం పెందుర్తి గాలివానను ఎందుకు చెప్పలేకపోతున్నాం?

పెందుర్తి_మాస్టారు

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. వేసవి సెలవులు దగ్గరపడే రోజుల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలు తప్పకుండా వేసే ప్రశ్న ఒకటుంది. నాకు తెలిసినంతలో జవాబు చెబుతూనే ఉన్నాను గానీ, ఈ శాస్త్రంతో రోజూ మెలిగేవారి నోట వినాలని ఇక్కడ పెడుతున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. అది ఉత్తరాంధ్ర వైపు వస్తోందని కొన్ని రోజుల ముందే హెచ్చరికలు వచ్చాయి, తీరగ్రామాలను ఖాళీ చేయించారు. అదే ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పడమట మబ్బు పట్టి, ఈదురుగాలి లేచి, అరగంటలో చెట్లు కూల్చి వెళ్లిపోయే వాన విశాఖ శివార్లలోని మా పెందుర్తిలో పడుతుందా, ఆనందపురంలో పడుతుందా అన్నది ఆ మధ్యాహ్నానికి కూడా తెలియడం లేదు. ‘అక్కడక్కడ ఉరుములు, మెరుపులతో కూడిన జల్లులు కురిసే అవకాశం ఉంది’ అన్న వాక్యంతో సరిపెట్టుకోవాల్సి వస్తోంది. అంత పెద్ద తుపానును పట్టుకున్న శాస్త్రానికి ఇంత చిన్న వాన చిక్కకపోవడం పిల్లలకు విడ్డూరంగా ఉంది. ఇది పరికరాల కొరతా, కంప్యూటర్ల కొరతా, లేక గాలి స్వభావమే అంతా?

రాడార్‌తెర

మాస్టారూ, మీరడిగిన మూడూ కారణాలే. అయితే గాలి స్వభావం నుంచే మొదలుపెట్టాలి.

వాతావరణ వ్యవస్థలను వాటి అడ్డుకొలతను బట్టి వేరుచేస్తారు. 1975లో ఓర్లాన్‌స్కీ చేసిన విభజన ప్రకారం 2 కిలోమీటర్ల నుంచి 2,000 కిలోమీటర్ల దాకా ఉన్నవన్నీ మధ్యస్థాయి, అంటే మీసోస్కేల్ వ్యవస్థలు. అందులోనే 200 పైబడినవి ఆల్ఫా, 20 నుంచి 200 వరకు ఉన్నవి బీటా, 2 నుంచి 20 వరకు ఉన్నవి గామా. తుపాను మొదటి తరగతికి చెందుతుంది. సముద్రపు గాలి, కొండగాలి, వరుసకట్టి నడిచే ఉరుముల మేఘాలు రెండో తరగతివి. మీ ఊరిమీద విరుచుకుపడే ఒంటరి క్యుములోనింబస్ (నిలువుగా ఎదిగే ఉరుముల) మేఘం మూడోదానికి చెందుతుంది.

తుపాను దారిని నిర్ణయించేవి దాని చుట్టూ వేల కిలోమీటర్ల మేర వీచే గాలులు. అవి నిదానంగా మారతాయి, ఉపగ్రహాలకూ, కొలత పరికరాలతో పైకి వదిలే బెలూన్లకూ బాగా దొరుకుతాయి. ఉరుముల మేఘానికి అంత వ్యవధి లేదు. 1946లో ఫ్లోరిడాలోను, 1947లో ఒహైయోలోను అమెరికన్ శాస్త్రవేత్తలు విమానాలను నేరుగా అలాంటి మేఘాల్లోకి పంపి కొలతలు తీశారు. వాటి ఆధారంగా బయర్స్, బ్రేహమ్ ఒక్కో మేఘకణానికి ఎదుగుదల, పరిపక్వత, క్షీణత అనే మూడు దశలుంటాయనీ, ఆ మూడూ కలిపి దాదాపు గంటలో ముగిసిపోతాయనీ చూపించారు. 1969లో ఎడ్వర్డ్ లోరెంజ్ ఇంకో అడుగు ముందుకు వేసి, కొలతల్లో ఉన్న చిన్నపాటి తేడా ఒక్కో స్థాయిలో ఎంత వేగంగా పెరుగుతుందో లెక్కగట్టారు. క్యుములస్ మేఘాల స్థాయి చలనాలను సుమారు ఒక గంట ముందు, అల్పపీడనాల స్థాయివాటిని కొన్ని రోజుల ముందు, అతి పెద్దవాటిని కొన్ని వారాల ముందు మాత్రమే చెప్పగలమన్నది ఆ లెక్క తేల్చిన సంగతి. తుపానుకూ గాలివానకూ మీరు చూస్తున్న తేడా అంతా ఇందులో ఉంది.

కాకపోతే, నేల ఎత్తుపల్లాలూ తీరరేఖా కలిసి పుట్టించే వ్యవస్థల విషయంలో ఈ పరిమితి కొంత సడలుతుంది. కొండ రోజుకో చోటికి మారదు, తీరం కూడా అంతే. ఏ గంటకు ఏ మేఘం అని చెప్పలేకపోయినా, ఏ మధ్యాహ్నం ఏ పట్టీలో మేఘాలు పుడతాయో చెప్పడానికి విశాఖ చుట్టుపక్కల భౌగోళిక స్థితి చాలా ఊళ్లకంటే అనుకూలమైనదని నా నమ్మకం.

మన్యంమబ్బు

రాడార్‌తెర గారు చివర అన్న మాటను నేను కొండమీది నుంచి చూసినదానితో కొనసాగిస్తాను. మా కాఫీ తోట అనంతగిరి దగ్గర ఉంది.

ఏప్రిల్ నెలాఖరున ఉదయం పది గంటలకు ఘాట్ పైన ఆకాశంలో మబ్బు తునక ఉండదు. పదకొండు దాటేసరికి గాలికొండ వైపు శిఖరాల నెత్తిన చిన్న తెల్లమబ్బులు మొలుస్తాయి, ఎందుకంటే ఎండకు వేడెక్కిన కొండవాలు తన పక్కనున్న గాలిని పైకి లాగుతుంది. పన్నెండున్నరకు వాటి అడుగు బల్లపరుపుగా నల్లబడుతుంది, పైభాగం గట్టి అంచులతో నిలువుగా పెరుగుతుంది. రెండు గంటల ప్రాంతంలో ఆ గట్టి అంచులు చెదిరి, దూదిని ఏకినట్టు విచ్చుకుని తూర్పుకు వాలతాయి. మేఘం పైభాగం గడ్డకట్టిందనీ, పైగాలులు పడమటి నుంచి వీస్తున్నాయనీ అప్పుడు అర్థమవుతుంది. కాసేపటికి తోటలో ఆకు కదలదు, ఆ వెనుకనే చల్లటి గాలి ఒక్క ఉదుటున దిగుతుంది. వాన చినుకులు దారిలో ఆవిరైనప్పుడు చల్లబడి బరువెక్కిన గాలి అది. అక్కడితో ఆగకుండా లోయల వెంట శృంగవరపుకోట మీదుగా మైదానంలోకి పరుచుకుంటుంది.

ఇక అవతలి వైపు సంగతి. బీచ్ రోడ్డులో పదీ పదకొండు గంటలకు మొదలైన సముద్రపు గాలి ఊరి లోపలికి జరుగుతూ వస్తుంది. దాని మందం కిలోమీటరు లోపే కాబట్టి సింహాచలం కొండల వరుస దానికి పెద్ద అడ్డు. గాజువాక, విమానాశ్రయం వైపున్న పల్లంలోంచి ఒక పాయ, భీమిలి, ఆనందపురం వైపు నుంచి మరొక పాయ లోపలికి వెళ్తాయి. సాయంత్రానికి దాని ముందరి అంచు చాలా రోజుల్లో పెందుర్తి, కొత్తవలస పరిసరాల్లో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో బంగాళాఖాతం పైనీరు 29, 30 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది గనుక ఆ అంచు వెనుకనున్న గాలి నిండా తేమే.

కొండ నుంచి దిగిన చల్లగాలి, సముద్రం నుంచి వచ్చిన తేమగాలి ఎదురుపడిన చోట మధ్యలో ఇరుక్కున్న గాలికి పైకి లేవడం తప్ప వేరే దారి లేదు. మాస్టారి ఊరిమీద పడే వాన కొండమీది మేఘం నడుచుకుంటూ వచ్చి కురిసినది కాదు, చాలాసార్లు అది అక్కడికక్కడ కొత్తగా పుట్టిన మేఘం. పడమటి గాలి బలంగా ఉండి సముద్రపు గాలిని తీరం దగ్గరే ఆపేసిన రోజుల్లో నగరం వడగాలికి మాడుతుంది, కొండ మేఘం మైదానంలోకి దిగి, తేమ చాలక చాలాసార్లు దారిలోనే కరిగిపోతుంది.

తూర్పుతీరం

నేను మీసోస్కేల్ నమూనాల మీద, అంటే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాముల మీద పరిశోధన చేస్తున్నాను. మన్యంమబ్బు గారు వర్ణించిన ఈ రెండు గాలుల కలయికను నమూనాలోకి తేవడమే మా పని, ఎక్కడ చిక్కుపడుతుందో చెబుతాను.

నమూనా వాతావరణాన్ని గడులుగా కోసి ఒక్కో గడికి ఒక్కో ఉష్ణోగ్రత, ఒక్కో గాలి, ఒక్కో తేమ విలువ ఇస్తుంది. 12 కిలోమీటర్ల గడులైతే బీచ్ రోడ్డు నుంచి అరకు దాకా నేరుగా కొలిచిన దూరం ఏడు గడులు. ఒక వ్యవస్థను నమూనా నిజంగా చూపాలంటే దాని వెడల్పు దాదాపు ఏడు గడులైనా ఉండాలని 2004లో స్కామరాక్ చూపించారు. ఆ లెక్కన తీరానికీ అరకుకూ మధ్య జరిగే కథంతా 12 కిలోమీటర్ల నమూనా చూడగలిగిన అతి చిన్న కొలతకు సమానం. కొండలు కూడా ఆ గడుల్లో సగటై నున్నబడతాయి, కాబట్టి లోయల వెంట దిగే చల్లగాలికి నమూనాలో లోయే ఉండదు. ఇంకో ఇబ్బంది, అంత పెద్ద గడిలో ఉరుముల మేఘం పట్టదు గనుక దాని ప్రభావాన్ని సూత్రాలతో అంచనా వేసి కలపాలి. ఆ సూత్రాలు చాలావరకు మధ్యాహ్నం ఎండ తీవ్రంగా ఉన్నప్పుడే వాన కురిపించేస్తాయి, నిజానికి పెందుర్తిలో వాన పడేది సాయంత్రం.

2025 మే నెలలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి 6 కిలోమీటర్లు. ప్రపంచమంతటికీ లెక్కవేసే నమూనాకు అది పెద్ద ముందడుగు. 3 కిలోమీటర్లకు దిగితే అంచనా సూత్రాలను పక్కనపెట్టి మేఘాన్ని నమూనాయే స్వయంగా పెంచనివ్వవచ్చు. అప్పుడు సముద్రపు గాలి అంచు, కొండ నుంచి దిగే చల్లగాలి, రెండూ తెరమీద స్పష్టంగా కనిపిస్తాయి, వాన కూడా సరైన గంటకు దగ్గరగా వస్తుంది.

అయితే నమూనా ఎంత సరిగ్గా చెప్పిందో లెక్కించే పద్ధతీ మారాలి. నమూనా వానను పెందుర్తికి బదులు కొన్ని కిలోమీటర్ల అవతల సబ్బవరంలో చూపిందనుకోండి. పాత లెక్కలో దానికి రెండు తప్పులు పడతాయి: పడని చోట పడుతుందన్నందుకు ఒకటి, పడిన చోట చెప్పనందుకు మరొకటి. వాన పడుతుందని అసలే చెప్పని నమూనాకు ఒక్క తప్పే. ఇది అన్యాయం గనుకనే 2008లో రాబర్ట్స్, లీన్ ఒక ప్రాంతంలో ఎంత భాగానికి వాన చెప్పాం, ఎంత భాగంలో పడింది అని పోల్చే కొలతను తెచ్చారు. మండలం పేరు కాకుండా, ఇంత విస్తీర్ణంలో ఇంత శాతం అవకాశం అని చెప్పే దిశలోనే పిల్లలకూ వివరించడం మంచిదని నా మనవి.

పెందుర్తి_మాస్టారు

చాలా సంతోషం. అయితే గడిని ఇంకా చిన్నది చేసుకుంటూ పోతే, అంటే ఇంకా పెద్ద కంప్యూటర్ తెచ్చుకుంటే, సమస్య తీరిపోతుందని అర్థం చేసుకోవచ్చా?

రాడార్‌తెర

తీరదని నా నిశ్చితాభిప్రాయం మాస్టారూ. తూర్పుతీరం గారు దీనికి ఒప్పుకోకపోవచ్చు.

గడి చిన్నదైనంత మాత్రాన ఆ గడిలో నింపడానికి కొలత రాదు. విశాఖలో బెలూన్ కొలతలు అందుబాటులో ఉండే వేళలు ఉదయం 5:30, సాయంత్రం 5:30. మేఘం పుట్టేది ఆ రెండింటి మధ్య. ఉదయపు బెలూన్ రెండు విషయాలు చెబుతుంది. ఒకటి, గాలి పైకి లేస్తే ఎంత శక్తి విడుదల కావచ్చన్నది, దీన్నే కేప్ అంటారు. కిలోకు 2,500 జౌళ్ల కేప్ ఉన్న రోజున, రెట్టింపు చేసి వర్గమూలం తీస్తే, మేఘంలో పైకి లేచే గాలి సెకనుకు 70 మీటర్ల దాకా పోవచ్చని వస్తుంది. చుట్టూ ఉన్న పొడిగాలి కలవడం, నీటి బరువు వంటి కారణాల వల్ల నిజంలో అందులో సగం కూడా ఉండకపోవచ్చు. రెండోది మూత. దక్కన్ పీఠభూమి మీద వేడెక్కిన పొడిగాలి కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల ఎత్తున మన తేమగాలి మీద పరుచుకుని దాన్ని లేవనివ్వదు. శక్తి బోలెడంత ఉండి మూత తెరుచుకోని రోజులు మే నెలలో ఎన్నో. అందుకే ఉక్కపోత తీవ్రంగా ఉన్న ప్రతి రోజూ వాన పడదు. మూత ఎక్కడ తెరుచుకుంటుందో నిర్ణయించేది మన్యంమబ్బు గారు చెప్పిన ఆ అంచు, ఆ అంచు ఎక్కడుందో ఉదయపు బెలూన్‌కు తెలియదు.

రాడార్ ఉందిగా అంటారు. రాడార్ కిరణం భూమి వంపును అనుసరించదు. అర డిగ్రీ ఎత్తులో వదిలిన కిరణం 100 కిలోమీటర్ల దూరానికి వెళ్లేసరికి నేల నుంచి దాదాపు కిలోమీటరున్నర పైన, 200 కిలోమీటర్ల వద్ద నాలుగు కిలోమీటర్ల పైన ఉంటుంది. అంటే పెందుర్తి, కొత్తవలసల దగ్గర సముద్రపు గాలి అంచు మనకు చిక్కుతుంది గానీ, శ్రీకాకుళం దగ్గర అంతే మందమున్న అంచు కిరణం కిందనుంచి జారిపోతుంది, ఇచ్ఛాపురం సంగతి చెప్పనే అక్కర్లేదు. పడమట తూర్పు కనుమలు అడ్డుపడి వాటి వెనుకనున్న లోయల్లో జరిగేదాన్ని దాచేస్తాయి.

అందువల్ల నేను కోరుకునేది మాడుగుల నుంచి చోడవరం, సబ్బవరం, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా గాలి దిశ, తేమ, పీడనం నిమిషాల వ్యవధిలో పంపే కేంద్రాల వరుస. ఇప్పుడున్న స్వయంచాలక కేంద్రాలు చాలావరకు వాన ఎంత పడిందో లెక్కించడానికి ఉపయోగపడుతున్నాయి. వాన పడకముందు గాలి ఎప్పుడు తిరిగిందో తెలియడం అంతకంటే విలువైనది.

తూర్పుతీరం

కొలతలు కావాలన్నదానితో నాకు పేచీ లేదు. కానీ కొలతలొక్కటే చాలవు. రాడార్‌లో కనిపించే మేఘాన్ని అదే వేగంతో ముందుకు జరిపి చూపే పద్ధతి మొదటి గంటలో నమూనా కంటే మెరుగు, ఒప్పుకుంటాను. రెండో గంటకే అది చేతులెత్తేస్తుంది, ఎందుకంటే పెందుర్తి వాన కొత్తగా పుట్టే మేఘమని ఇక్కడే అనుకున్నాం, ఇంకా పుట్టనిదాన్ని జరిపి చూపడం ఎలా కుదురుతుంది? గాలి తిరిగిన కొలతను నమూనాలోకి ఎక్కించి, రాడార్ చూపిన గాలి వేగాన్నీ దానికి జతచేసి, కొద్దికొద్దిగా తేడాలున్న ప్రారంభస్థితులతో నమూనాను అనేకసార్లు నడిపితేనే రెండు నుంచి ఆరు గంటల మధ్యనున్న ఖాళీ పూడుతుంది.

పైగా నేలమీది కేంద్రం నేల దగ్గరి గాలినే చెబుతుంది. తేమ పొర 300 మీటర్ల మందముందా, 1,000 మీటర్లుందా అన్నదానిపై మూత తెరుచుకోవడం ఆధారపడి ఉంటుంది. అది తెలియాలంటే నేల నుంచి పైకి గాలినీ తేమనూ నిరంతరం కొలిచే విండ్ ప్రొఫైలర్లు, రేడియోమీటర్లు కావాలి. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన వాతావరణ పథకం మిషన్ మౌసమ్‌లో ఈ పరికరాలకు చోటుంది. వాటిలో ఒకటి కనుమలకూ సముద్రానికీ మధ్యనున్న ఈ మైదానంలో పెడితే రాడార్‌తెర గారి వరుసకూ నా నమూనాకూ కూడా ప్రాణం వస్తుంది.

గంగవరంరేవు

అయ్యా, మీరంతా నేలమీది వాన గురించే రాస్తున్నారు. మా వాళ్ల బాధ నీటిమీద. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నా, ఇంజిను లేని సంప్రదాయ తెప్పలకు అది వర్తించదు. సరిగ్గా ఈ గాలివానల కాలంలో నీళ్లమీద ఉండేది ఆ చిన్న తెప్పలే. తుపాను హెచ్చరిక రేవుకు బాగానే అందుతోంది, రోజుల ముందే అందుతోంది. రాత్రిపూట పడమటి నుంచి వచ్చి పడే గాలిదెబ్బకు మాత్రం ముందస్తు మాట ఏదీ లేదు. ఊరిలో కురిసిన వాన తగ్గిపోయిందని అనుకునే వేళకు లోపల తెప్ప తలకిందులవుతోంది. ఇది ఎలా జరుగుతుంది?

తూర్పుతీరం

అన్నా, మీరు చెప్పింది ఈ విషయంలో అన్నిటికంటే బరువైన మాట. వాన తగ్గినా చల్లగాలి తగ్గదు. మేఘం చచ్చిపోయాక కూడా అది విడిచిన చల్లటి, బరువైన గాలి నేలమీద పరుచుకుంటూ పదుల కిలోమీటర్లు పోతుంది. నీటిమీద చెట్లూ ఇళ్లూ అడ్డు ఉండవు కాబట్టి వేగం అంతగా తగ్గదు. పైగా రాత్రికి సముద్రం వెచ్చగానే ఉంటుంది, ఆ చల్లగాలి అంచు మీద తేమ మళ్లీ లేచి కొత్త మేఘాలు పుడతాయి. బంగాళాఖాతం పడమటి భాగంలో వాన పట్టీలు సాయంత్రం తీరం దగ్గర మొదలై రాత్రంతా నడిసముద్రం వైపు జరగడం ఉపగ్రహ చిత్రాల్లో బాగా నమోదైన విషయం. కాబట్టి సాయంత్రం ఊరిలో గట్టిగా ఉరిమిన రోజున, ఆకాశం విడిచినా సరే, కొన్ని గంటల పాటు తీరం దాటి పోకపోవడమే క్షేమం.

మన్యంమబ్బు

పిడుగుల సంగతి కూడా ఇందులో చేర్చాలి. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పిడుగు జాడ చూపే సెన్సార్లు ఉండబట్టే ఆ లెక్క తెలిసింది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో ఇచ్చే హెచ్చరికలు, పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణశాస్త్ర సంస్థ (ఐఐటీఎం) తయారుచేసిన దామిని యాప్ ఇలాంటి సమాచారం మీదే నడుస్తున్నాయి. మా వైపు చాలా లోయల్లో సిగ్నల్ ఉండదు, పశువులు కాసేవారికి ఆ సందేశం చేరదు. వారికి ఉపయోగపడేది ఇప్పటికీ కొండనెత్తిన మబ్బే. దాని పైభాగం విచ్చుకోవడం మొదలైందంటే చెట్టు కింద నిలబడకుండా ఇల్లు చేరుకోవాల్సిన సమయం వచ్చినట్టే.

పెందుర్తి_మాస్టారు

ఈ చర్చను పిల్లల ముందు పెట్టబోతున్నాను. బడి డాబా మీద ఒక గాలిసూచి, తడి-పొడి బల్బు ఉష్ణమాపకం, ఒక భారమితి పెట్టగలం. పిల్లలు ఏం గమనిస్తే మీకు పనికొస్తుంది? రాడార్ చిత్రాలను ఎలా చదవాలో కూడా చెప్పండి.

రాడార్‌తెర

పెందుర్తి ఉన్న చోటును బట్టి చూస్తే ఆ డాబా చాలా విలువైనది మాస్టారూ. మధ్యాహ్నం పన్నెండు నుంచి చీకటిపడే దాకా ప్రతి పది నిమిషాలకూ నాలుగు అంకెలు రాయించండి: గాలి దిశ, పొడి బల్బు, తడి బల్బు, పీడనం. ఎండ తగ్గకుండానే గాలి ఆగ్నేయానికి తిరిగి, పొడి బల్బు రెండు మూడు డిగ్రీలు దిగి, తడి బల్బు పెరిగితే సముద్రపు గాలి అంచు మీ బడిని దాటి లోపలికి వెళ్లినట్టు. గాలి పడమర లేదా వాయవ్యానికి ఉన్నట్టుండి తిరిగి, పీడనం ఒకటి రెండు హెక్టోపాస్కళ్లు ఎగసి, పొడి బల్బు అయిదారు డిగ్రీలు పడిపోతే కొండ మేఘం చల్లగాలి చేరినట్టు. మొదటిది జరిగాక రెండోది వచ్చిన రోజులను, మొదటిది లేకుండానే రెండోది వచ్చిన రోజులతో పోల్చి, ఎందులో వాన ఎక్కువ కురిసిందో చూడమనండి.

రాడార్ చిత్రాల్లో పిల్లల కన్ను ఎర్రరంగు మీదికే పోతుంది. ఆ ఎరుపు అప్పటికే కురుస్తున్న వాన. తీరానికి సమాంతరంగా, సన్నగా, వెలిసిపోయిన రంగులో లోపలికి జరిగే గీత ఒకటి కొన్ని మధ్యాహ్నాల్లో అట్టడుగు కోణపు చిత్రంలో, అంటే కిరణాన్ని నేలకు దగ్గరగా వదిలి తీసినదానిలో కనిపిస్తుంది. అది వాన కాదు, అంచు దగ్గర పోగైన పురుగులూ, గాలి సాంద్రతలోని తేడా కలిసి తిప్పిపంపిన సంకేతం. అన్ని ఎత్తులనూ కలిపి గరిష్ఠాన్ని చూపే చిత్రంలో అది కలిసిపోతుంది, అందులో వెతకవద్దు.

గాలి వేగం చూపే చిత్రంతో ఒక జాగ్రత్త అవసరం. 10 సెంటీమీటర్ల తరంగంతో పనిచేసే రాడార్‌లో, మామూలు పద్ధతిలో, కనిపించే గరిష్ఠ దూరాన్నీ కొలవగలిగే గరిష్ఠ వేగాన్నీ రెండింటినీ ఒకేసారి పెంచుకోలేం. ఆ రెండింటి లబ్ధం కాంతి వేగాన్ని తరంగదైర్ఘ్యంతో గుణించి ఎనిమిదితో భాగించిన విలువ దగ్గర ఆగిపోతుంది. 250 కిలోమీటర్ల దాకా చూడాలంటే సెకనుకు 15 మీటర్ల వేగం వరకే నేరుగా దొరుకుతుంది, దూరాన్ని 125కు తగ్గిస్తే 30 మీటర్ల దాకా దొరుకుతుంది. ఆ హద్దు దాటిన గాలి తెరమీద ఎదురు దిశలో వీస్తున్నట్టు కనిపిస్తుంది. రాడార్ వైపు వస్తున్న గాలి రంగు మధ్యలో హఠాత్తుగా దూరంగా పోతున్న గాలి రంగు మచ్చ కనిపిస్తే, అక్కడ గాలి తిరిగిందని కాకుండా హద్దును మించిందని ముందుగా అనుమానించాలి. ఈ లెక్కను పదో తరగతి పిల్లలు కాగితం మీద చేయగలరు. మీ డాబా పట్టికలు తయారయ్యాక నెలవారీగా ఇక్కడ పెట్టండి, అదే రోజుల రాడార్ చిత్రాలను నేను పక్కన చేరుస్తాను, తూర్పుతీరం గారు 3 కిలోమీటర్ల నమూనా ఆ రోజుల్లో గాలి తిరిగిన గంటను ఎంత దగ్గరగా చెప్పిందో చూపగలరు.